నెట్‌వర్క్ ఫోల్డర్ పాస్‌వర్డ్ అడగడం లేదా? ముందు ఎవరి పేరు మీద తెరుచుకుంటోందో చూడండి

మీరు రాసింది ఒకసారి కుదించి చెబుతాను, తప్పుంటే సరిచేయండి. మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లులో మీరు లెక్కలు చూస్తారు. ఆఫీసు గదిలో ఉన్న పెద్ద కంప్యూటర్‌లో, డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ షేర్ చేసి ఉంది. వేబ్రిడ్జి చీటీలు, లారీల లెక్క, బిల్లులు అన్నీ అందులోనే. మునుపు వేరే కంప్యూటర్ నుంచి ఆ ఫోల్డర్ తెరిస్తే యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడిగేది. ఇప్పుడు వేబ్రిడ్జి గదిలోని కంప్యూటర్‌లో అడగకుండానే తెరుచుకుంటోంది. సేటు కొత్త ల్యాప్‌టాప్‌లో మాత్రం అడగడమూ లేదు, తెరుచుకోవడమూ లేదు, అనుమతి లేదని చెప్పి ఆగిపోతోంది. రెండుచోట్లా పాస్‌వర్డ్ పెట్టె మళ్లీ రావాలంటే ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతున్నా. పెట్టె రాలేదంటే మీ తరఫున విండోస్ ఇప్పటికే ఏదో ఒక పేరు, పాస్‌వర్డ్ అవతలి కంప్యూటర్‌కు ఇచ్చేసిందని అర్థం. వేబ్రిడ్జి కంప్యూటర్‌లో ఆ పేరు చెల్లింది, తలుపు తెరుచుకుంది. ల్యాప్‌టాప్‌లో ఆ పేరు గడప వరకు చెల్లినా, ఆ ఫోల్డర్ మీద దానికి హక్కు లేకపోయి ఉండాలి. లేదంటే గెస్ట్‌గా, అంటే పేరూ పాస్‌వర్డూ లేని అతిథి లెక్కన, పోబోయి ఆగిపోయి ఉండాలి. కాబట్టి రెండు కంప్యూటర్లలోనూ దాచిపెట్టిన పాస్‌వర్డ్ ఎంట్రీ తీసేయండి, తెరిచి ఉన్న కనెక్షన్లు తెంపండి, ఒకసారి రీస్టార్ట్ చేయండి. నేను చూసిన కేసుల్లో ఎక్కువ భాగం అక్కడికే సరిపోతాయి. మీది సరిపోకపోతే కింద ఉన్నది మొత్తం చదవండి.

నేను నల్లగొండలో ఉంటాను. మిల్లులు, కమీషన్ దుకాణాలు, బడులు, చిన్న ఆసుపత్రులకు నెట్‌వర్క్ పని చేయబట్టి పదిహేడేళ్లు. సూర్యాపేట నుంచి మహబూబ్‌నగర్ దాకా తిరుగుతుంటా. ఈ ఫిర్యాదు నెలలో కనీసం ఒకసారి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ అందరూ పెట్టె గురించే అడుగుతారు. ఏ పేరు మీద లోపలికి పోతున్నామో ఎవరూ అడగరు. అసలు చూడాల్సింది అదే.

పెట్టె ఎప్పుడు వస్తుంది

మీరు నెట్‌వర్క్ ఫోల్డర్ మీద రెండుసార్లు నొక్కగానే విండోస్ మిమ్మల్ని అడగదు, ముందు తన దగ్గర ఏముందో వెతుక్కుంటుంది. ఆ కంప్యూటర్‌తో ఇప్పటికే కనెక్షన్ తెరిచి ఉంటే దాన్నే వాడేస్తుంది. లేకపోతే క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆ కంప్యూటర్ పేరు మీద ఎప్పుడైనా దాచిన పాస్‌వర్డ్ ఉందేమో చూస్తుంది. అదీ లేకపోతే, పొద్దున మీరు విండోస్‌లోకి ఏ పేరు, ఏ పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యారో వాటినే అవతల చూపిస్తుంది. అవతలి కంప్యూటర్ "ఈ పేరుగలవాళ్లు నా దగ్గర లేరు" అనుకున్నా, గెస్ట్ అకౌంట్ తెరిచి ఉంటే గెస్ట్‌గా రానిస్తుంది. ఇవేవీ కుదరక, పేరో పాస్‌వర్డో తప్పు అని అవతలి నుంచి జవాబు వస్తే, అప్పుడు మీ ముందు పెట్టె పెడుతుంది.

అంటే పెట్టె అన్నిటికంటే చివర వచ్చేది. అంతకు ముందు నాలుగు చోట్ల ఎక్కడ పని జరిగిపోయినా మీకు కనబడదు.

ఇంకో తేడా కూడా ఇక్కడే చెప్పాలి. పేరు, పాస్‌వర్డ్ సరిపోవడం ఒకటి, ఫోల్డర్ మీద హక్కు ఉండడం ఇంకొకటి. మిల్లు గేటు దగ్గర కాపలా ఉండే మనిషి లోపలికి వదిలినంత మాత్రాన గల్లా పెట్టె తెరవడానికి వీలుండదు కదా. గేటు దగ్గర ఆపితే విండోస్ పేరు మళ్లీ అడుగుతుంది. గేటు దాటాక గల్లా దగ్గర ఆపితే, ఎక్కువసార్లు, అడగకుండా అనుమతి లేదని చెప్పి ఊరుకుంటుంది. మీ సేటు ల్యాప్‌టాప్ గల్లా దగ్గరే ఆగిందని నా అనుమానం.

ఎవరి పేరు మీద పోతోందో కనుక్కోవడం

ఇది ఫోల్డర్ ఉన్న పెద్ద కంప్యూటర్ దగ్గర కూర్చుని చూడాలి. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరవండి. షేర్డ్ ఫోల్డర్స్, దాని కింద సెషన్స్. ఇప్పుడు వేబ్రిడ్జి గదిలోని అబ్బాయిని ఆ ఫోల్డర్ తెరవమనండి. సెషన్స్‌లో ఒక వరుస కనబడుతుంది. యూజర్ పేరు, ఏ కంప్యూటర్ నుంచి వచ్చింది, ఎన్ని ఫైళ్లు తెరిచి ఉన్నాయి, ఎంతసేపయింది అన్నీ ఉంటాయి. అన్నిటికంటే చివర గెస్ట్ అనే కాలమ్ ఉంటుంది, ఎవరూ చూడరు. అక్కడ ఎస్ అని ఉంటే మీ ఫోల్డర్‌కు తాళమే లేదు. నో అని ఉండి, పక్కన ఏదో పేరు ఉంటే, ఆ పేరు మీద విండోస్ పాస్‌వర్డ్ ఇచ్చిందని లెక్క.

ఈవెంట్ వ్యూయర్ అలవాటున్నవాళ్లు సెక్యూరిటీ లాగ్‌లో 4624 నంబర్ ఈవెంట్ చూడొచ్చు. లాగాన్ టైప్ 3 అని ఉన్నవి నెట్‌వర్క్ మీద వచ్చినవి. లోపలికి రానివ్వనివి 4625 కింద పడతాయి. మామూలుగా సెషన్స్ చాలు.

ఈ సెషన్స్ ఒక్కటి చూసుకోకపోవడం వల్ల ఒక మనిషికి జరిగిన అన్యాయం నా కళ్ల ముందు ఉంది, అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నా. జడ్చర్లలో బాదేపల్లి మార్కెట్ దగ్గర ఒక కమీషన్ దుకాణం వాళ్లు పిలిచారు. పల్లీల సీజన్, దుకాణం నిండా బస్తాలు. సేటు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఫోల్డర్ చూపించాడు. ఫైళ్ల వరుసలో ఓనర్ కాలమ్ పెట్టుకున్నాడు. నిన్న చేసిన తక్‌పట్టీ, ఈరోజు పొద్దున చేసిన బిల్లు, అన్నిటి పక్కనా ఒకటే పేరు. ఆ పేరుగల గుమాస్తా మానేసి ఎనిమిది నెలలైంది. "వాడు ఇంట్లో కూర్చుని మా లెక్కల్లో చెయ్యి పెడుతున్నాడు సార్" అన్నాడు సేటు. అప్పటికే ఆ అబ్బాయికి రావాల్సిన జీతం ఆపేశారు. వాళ్ల మేనమామ ఇంటికి పోయి పంచాయితీ కూడా పెట్టారు.

కౌంటర్ దగ్గరి కంప్యూటర్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచా. విండోస్ క్రెడెన్షియల్స్ కింద ఒక్కటే ఎంట్రీ. పెద్ద కంప్యూటర్ పేరు, దాని కింద ఆ గుమాస్తా పేరు, పాస్‌వర్డ్ స్థానంలో చుక్కలు, మార్చిన తేదీ దగ్గర అతను పనిలో ఉన్నప్పటి తేదీ. అతను ఎప్పుడో ఒకసారి పెట్టెలో పేరు కొట్టి, కింద గుర్తుపెట్టుకో అనే గడిలో టిక్ పెట్టాడు. అతను పోయాక అదే కుర్చీలో కొత్తగా వచ్చిన అమ్మాయి కూర్చుంది. ఆమెను ఏ రోజూ పాస్‌వర్డ్ అడగలేదు, ఆమె అది సహజమే అనుకుంది. ఆమె చేసిన ప్రతి ఫైలూ పాత గుమాస్తా పేరు మీద పడుతూ వచ్చింది. ఆమెను నా ముందే ఒక కొత్త ఫైలు చేయమన్నా. చేసింది. ఓనర్ కాలమ్‌లో ఆ అబ్బాయి పేరే వచ్చింది. సేటు చాలాసేపు ఆ స్క్రీన్ వైపే చూశాడు, తర్వాత ఫోన్ తీసుకుని బయటికి పోయాడు. ఆపిన జీతం ఆ వారమే ఇచ్చారు.

మనిషి మానేసిన రోజే పెద్ద కంప్యూటర్‌లో అతని అకౌంట్ డిసేబుల్ చేయాలి. అది యజమాని భద్రత కోసం ఎంతో, పోయిన మనిషి మాట దక్కడం కోసం కూడా అంతే.

దాచిన పాస్‌వర్డ్ తీసేయడం

కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ అకౌంట్స్, అందులో క్రెడెన్షియల్ మేనేజర్, అందులో విండోస్ క్రెడెన్షియల్స్. పెద్ద కంప్యూటర్ పేరుతో ఉన్నది తీసేయండి. అక్కడే ఐపీ నంబర్‌తో ఇంకొకటి ఉందేమో కూడా చూడండి. విండోస్‌కు పేరుతో తెరిచిన కంప్యూటర్ వేరు, 192.168.1.10 అని నంబర్‌తో తెరిచిన కంప్యూటర్ వేరు. రెండూ ఒకటే కంప్యూటర్ అని దానికి తెలియదు. ఒకటి తీసేసి ఇంకొకటి వదిలేసి, "తీసేశా, అయినా అడగడం లేదు" అని ఫోన్ చేసినవాళ్లు చాలామంది.

ఇదే గుణాన్ని పరీక్షకు వాడుకోవచ్చు. పేరుతో తెరిస్తే అడగడం లేదా? రన్ పెట్టెలో రెండు వెనక గీతలు (\\) పెట్టి ఐపీ నంబర్ కొట్టి చూడండి. అప్పుడు పెట్టె వచ్చిందంటే తప్పు పెద్ద కంప్యూటర్‌లో లేదు, ఈ కంప్యూటర్‌లో ఆ పేరు మీద దాచినదాంట్లోనో, తెరిచి ఉన్న కనెక్షన్‌లోనో ఉందన్నమాట. అర నిమిషం పని. నేను ఎక్కడికి పోయినా మొదట చేసేది ఇదే.

కనెక్షన్ తెంపడం

ఎంట్రీ తీసేసినా తెరిచి ఉన్న కనెక్షన్ అలాగే నడుస్తుంటుంది. కింద కమాండ్లు తెలుగులో రాస్తున్నా, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్ యూజ్ అని కొడితే ప్రస్తుతం ఉన్న కనెక్షన్లు చూపిస్తుంది. నెట్ యూజ్, ఖాళీ, నక్షత్రం గుర్తు, ఖాళీ, ముందు గీత (/)తో డిలీట్ అని కొడితే అన్నీ తెంపేస్తుంది. ముందు ఫైళ్లు మూసుకోండి. టాలీ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ మీద డేటా తెరిచి ఉంటే దాన్నుంచి బయటికొచ్చాకే తెంపండి, లేకపోతే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది.

కొన్నిసార్లు నెట్ యూజ్‌లో ఏమీ కనబడదు, అయినా వెనక కనెక్షన్ ఉంటుంది. అప్పుడు సైన్ అవుట్ అయి మళ్లీ రండి, లేదా రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న కంప్యూటర్‌లో షట్‌డౌన్ చేస్తే విండోస్ సగం నిద్రపోతుందే తప్ప పూర్తిగా కొత్తగా మొదలవదు.

ఇక్కడే 1219 నంబర్ తప్పు గురించి. ఒకే విండోస్ లాగిన్ నుంచి, ఒకే సర్వర్‌కు, ఒకేసారి రెండు వేరు పేర్లతో కనెక్ట్ కానివ్వదు. వేబ్రిడ్జి అబ్బాయి పేరుతో ఒక ఫోల్డర్ తెరిచి ఉండగా, మీ పేరుతో ఇంకో ఫోల్డర్ తెరవబోతే ఈ నంబర్ వస్తుంది. మొదటిది తెంపితే రెండోది తెరుచుకుంటుంది.

అన్ని కంప్యూటర్లకూ ఒకటే పేరు

మన దగ్గర ఇది చాలా ఎక్కువ. షాపులో కంప్యూటర్ కట్టించినప్పుడు వాళ్లు అన్నిటికీ ఒకటే యూజర్ పేరు పెట్టి ఇస్తారు. అడ్మిన్ అనో, యూజర్ అనో, పీసీ అనో. పాస్‌వర్డ్ కూడా ఒకటే. ఇలా ఉంటే క్రెడెన్షియల్ మేనేజర్ ఖాళీగా ఉన్నా పెట్టె ఎప్పటికీ రాదు. ఎందుకంటే మీరు లాగిన్ అయిన పేరునే విండోస్ అవతల చూపిస్తుంది, అవతల కూడా అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఉన్నాయి, సరిపోయింది. తప్పేమీ జరగలేదు, అది చేయాల్సిందే చేసింది. మీ వేబ్రిడ్జి కంప్యూటర్‌ను ఈ మధ్య ఎవరైనా ఫార్మాట్ చేశారా? చేసి ఉంటే నా అనుమానం దీని మీదే.

ఇక పేరు ఒకటే ఉండి పాస్‌వర్డ్ రెండుచోట్లా ఖాళీగా ఉంటే సంగతి ఇంకోలా ఉంటుంది. ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న లోకల్ అకౌంట్‌ను విండోస్ నెట్‌వర్క్ మీద రానివ్వదు, కీబోర్డు ముందు కూర్చున్న మనిషికే అది చెల్లుతుంది. ఇది ముందునుంచీ ఉన్న కట్టడి, మంచి కట్టడి. రిజిస్ట్రీలో దాన్ని ఎలా తీసేయాలో చెప్పే వీడియోలు ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి. అకౌంట్‌కు నాలుగు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టడం అంతకంటే తేలిక.

గెస్ట్

పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకోవడంలో నన్ను నిజంగా భయపెట్టేది ఇదొక్కటే. మిగతావాటిలో కనీసం ఏదో ఒక పేరైనా ఉంటుంది. గెస్ట్‌లో అదీ ఉండదు.

నల్లగొండలో ఒక జూనియర్ కాలేజీలో మార్కుల ఫోల్డర్ ఇలాగే దొరికింది. లైనక్స్ మీద, ఫోల్డర్లు షేర్ చేసే సాంబా అనే ప్రోగ్రామ్‌తో నడిచే చిన్న సర్వర్. దాని సెట్టింగ్ ఫైలులో మ్యాప్ టు గెస్ట్ అనే వరుస ఉంటుంది. అక్కడ బ్యాడ్ యూజర్ అని ఉంటే, తనకు తెలియని పేరుతో వచ్చిన ప్రతివాళ్లనూ గెస్ట్‌గా తీసుకుంటుంది. తెలిసిన పేరుతో వచ్చి పాస్‌వర్డ్ తప్పు కొడితేనే తిరగ్గొడుతుంది. ఉబుంటు, డెబియన్ అనే లైనక్స్ రకాల్లో సాంబా పెట్టగానే వచ్చే ఫైలులో ఇదే ఉంటుంది. ఆ ఫోల్డర్‌కు గెస్ట్ ఓకే అని కూడా ఎవరో రాసిపెట్టారు. లెక్చరర్ కంప్యూటర్ నుంచి తెరిస్తే పాస్‌వర్డ్ అడుగుతుంది. ల్యాబ్‌లో పిల్లలు కూర్చునే కంప్యూటర్ల నుంచి తెరిస్తే అడగదు, ఎందుకంటే ఆ కంప్యూటర్ల లాగిన్ పేరు సర్వర్‌కు తెలియదు. అంటే తాళం ఉండాల్సిన చోట లేదు. మార్కుల ఫోల్డర్ మీద ఆ గెస్ట్ వరుస తీసేసి, పేరున్న ఇద్దరికే హక్కు ఇచ్చాం. పిల్లల మార్కులు అంటే వాళ్ల సంవత్సరం కష్టం, అది ఎవరి వేలి కిందికో పోవద్దు.

విండోస్‌లో అయితే పెద్ద కంప్యూటర్‌లో అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌కు పోయి, ఆల్ నెట్‌వర్క్స్ కింద పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఎవరో ఒకరు "అప్పుడు తేలిగ్గా తెరుచుకుంటుంది" అని దాన్ని ఆఫ్ చేసి ఉంటారు. ఆఫ్ చేస్తే గెస్ట్ తలుపు తెరుచుకున్నట్టే. ఫోల్డర్ షేరింగ్‌లోనూ, సెక్యూరిటీ ట్యాబ్‌లోనూ ఎవ్రీవన్ అని ఉంటే తీసేయండి.

కొత్త ల్యాప్‌టాప్ సంగతి

సేటు ల్యాప్‌టాప్ కొత్తది, విండోస్ 11 అన్నారు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్‌లో కూడా గెస్ట్‌గా బయటి ఫోల్డర్లలోకి పోవడం బందు చేశారు. ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ఇది 2017 నుంచే ఉంది. మీ పెద్ద కంప్యూటర్ అందరినీ గెస్ట్‌గా రానిస్తుంటే పాత కంప్యూటర్లు హాయిగా పోతాయి, ఈ ల్యాప్‌టాప్ మాత్రం తనంతట తాను ఆగిపోతుంది, పెట్టె కూడా పెట్టదు. "మీ సంస్థ భద్రతా నియమాలు గెస్ట్‌ను ఒప్పుకోవు" అన్న అర్థంలో ఇంగ్లీషులో ఒక పెద్ద వాక్యం వస్తుంది. మీకు వచ్చిన సందేశం అదేనా, లేక ఉత్త అనుమతి లేదనేనా, ఒకసారి మొత్తం చదవండి. ఈ వాక్యం వస్తే మందు ల్యాప్‌టాప్‌లో కాదు, పెద్ద కంప్యూటర్‌లో ఉంది. అక్కడ సేటుకు ఒక పేరు, పాస్‌వర్డ్ పెట్టాలి.

ఇక్కడ చాలామంది చేసే పని, ల్యాప్‌టాప్‌లో గెస్ట్‌ను మళ్లీ ఒప్పుకునేలా పాలసీ మార్చడం, ఫోల్డర్ షేరింగ్‌కు వాడే పాత ప్రోటోకాల్ ఎస్ఎంబీ 1 ఆన్ చేయడం. రెండూ వద్దు. గెస్ట్‌గా పోయే కనెక్షన్‌కు సంతకం ఉండదు, మధ్యలో ఎవరు ఏం మార్చినా తెలియదు. ఎస్ఎంబీ 1 సంగతి 2017 మేలో ప్రపంచమంతా చూసింది. వానాక్రై అనే, డబ్బు గుంజే ప్రోగ్రామ్ ఆ పాత ప్రోటోకాల్‌లోని లోపం పట్టుకునే ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పాకింది. దానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలో, ప్యాచ్ ఇచ్చింది. వేసుకోనివాళ్లు నష్టపోయారు. విండోస్ 7 కోసం ఎస్ఎంబీ 1 కావాలని చాలామంది అనుకుంటారు, అక్కర్లేదు, దానికి ఎస్ఎంబీ 2.1 వచ్చు. విండోస్ ఎక్స్‌పీ లాంటి పాతవాటికి మాత్రమే అది తప్పదు. మిల్లులో ఎక్కడో ఎక్స్‌పీ ఇంకా నడుస్తుంటే దాన్ని నెట్‌వర్క్ నుంచి పీకేయడమే నా సలహా.

ఇంకోటి పిన్. మహబూబ్‌నగర్‌లో ఒక ఫొటో స్టూడియో ఆయన వారం రోజులు దీంతో తిప్పలు పడ్డాడు. ఆల్బమ్ ఫైళ్లున్న కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ పెట్టుకున్నాడు, రోజూ నాలుగు అంకెల పిన్ కొట్టి లోపలికి పోతాడు. పక్క కంప్యూటర్ నుంచి పెట్టెలో అదే పిన్ కొడుతున్నాడు. పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కే, నెట్‌వర్క్ మీద చెల్లదు. అక్కడ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డే కావాలి, అది ఆయనకు గుర్తు లేదు. కొత్తగా ఒక లోకల్ అకౌంట్ చేసి, దానికి పాస్‌వర్డ్ పెట్టి, ఆ ఫోల్డర్ మీద హక్కు ఇచ్చేసరికి పది నిమిషాల్లో పని అయింది. షేరింగ్‌కు ఎప్పుడూ విడిగా లోకల్ అకౌంటే పెట్టండి.

పెట్టె వస్తుంది గానీ వదలదు

ఇది మీ సమస్య కాదు, కానీ పాస్‌వర్డ్ ఎంట్రీలు తీసేశాక మీకు ఎదురు కావచ్చు. సరైన పాస్‌వర్డ్ కొట్టినా పెట్టె మళ్లీ మళ్లీ వస్తుంటే, ముందు పేరు ఎలా కొడుతున్నారో చూడండి. ఉత్త పేరు కొడితే కొన్నిసార్లు విండోస్ దాన్ని ఈ కంప్యూటర్‌లోని పేరు అనుకుంటుంది. పెద్ద కంప్యూటర్ పేరు, వెనక గీత, తర్వాత యూజర్ పేరు, అలా కొట్టండి. పది సార్లు తప్పు కొట్టొద్దు. 22హెచ్2 నుంచి కొత్తగా వేసిన విండోస్ 11లో పది తప్పులకు అకౌంట్ పది నిమిషాలు తాళం పడుతుంది, అంతసేపూ సరైనది కొట్టినా తీసుకోదు.

2025లో ఇంకో కారణం వచ్చింది, మన కంప్యూటర్ షాపులవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఒక కంప్యూటర్ తయారుచేసి, దాని ఎస్ఎస్‌డీని అలాగే పది కంప్యూటర్లకు క్లోన్ కొట్టడం అలవాటు. అలా కొడితే అన్నిటికీ లోపలి గుర్తింపు సంఖ్య, ఎస్ఐడీ అంటారు, ఒకటే పడుతుంది. 2025 ఆగస్టు చివర వచ్చిన అప్‌డేట్ల నుంచి, విండోస్ 11 24హెచ్2, 25హెచ్2లో ఒకే ఎస్ఐడీ ఉన్న రెండు కంప్యూటర్లు ఒకదాన్నొకటి ఒప్పుకోవడం మానేశాయి. పాస్‌వర్డ్ సరైనదే అయినా తిరగ్గొడుతుంది. ఆ సంఖ్య కొత్తగా పడేలా చేసే సిస్‌ప్రెప్ అనే విండోస్ ప్రోగ్రామ్ నడిపి క్లోన్ కొట్టిన కంప్యూటర్లకు ఈ బాధ లేదు. నిన్నటిదాకా పనిచేసి, అప్‌డేట్ పడ్డాక ఆగిపోయి, రెండూ ఒకే షాపులో ఒకే రోజు తెచ్చినవైతే, దీన్నే అనుమానించండి.

ఇక నెట్‌వర్క్‌లో అవతలి కంప్యూటరే కనబడకపోతే అది పాస్‌వర్డ్ సమస్యే కాదు. వైఫై పబ్లిక్‌గా పడిందా, ఫోల్డర్ షేరింగ్ నడిచే 445 పోర్టును ఫైర్‌వాల్ ఆపుతోందా చూసుకోండి.

మీ మిల్లుకు నేనైతే ఇలా చేస్తా

పెద్ద కంప్యూటర్‌లో మూడు లోకల్ అకౌంట్లు: వేబ్రిడ్జికి ఒకటి, మీకు ఒకటి, సేటుకు ఒకటి. వీటి పేర్లు ఏ కంప్యూటర్ లాగిన్ పేరుతోనూ కలవకూడదు. కలవకపోతేనే విండోస్ తనంతట తాను లోపలికి దూరలేదు, పెట్టె వస్తుంది. వేబ్రిడ్జి అకౌంట్‌కు చీటీల ఫోల్డర్ ఒక్కటే, బిల్లులు వద్దు. సేటుకు అన్నీ చూసే హక్కు. మార్చే హక్కు కావాలో వద్దో ఆయన్నే అడగండి. మా అనుభవంలో చాలామంది సేట్లు చూస్తే చాలు అంటారు, పొరపాటున చెరిగిపోతుందన్న భయంతో.

తర్వాత ఒక్కో కంప్యూటర్‌లో మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ తెరిచి, వేరే పేరుతో కనెక్ట్ అవ్వు అనే గడిలో టిక్ పెట్టి, ఆయా పేర్లు కొట్టండి. గుర్తుపెట్టుకో అనే గడి విషయంలో తొందరపడొద్దు. మీ గదిలో మీరొక్కరే కూర్చునే కంప్యూటర్ అయితే టిక్ పెట్టుకోండి, రోజూ కొట్టే శ్రమ తప్పుతుంది. వేబ్రిడ్జి గదిలో వద్దు. అక్కడ లారీ డ్రైవర్లు, హమాలీలు, గుమాస్తాలు అందరూ వచ్చిపోతుంటారు, యాసంగి ధాన్యం దిగే రోజుల్లో రాత్రిపూట కూడా కంప్యూటర్ తెరిచే ఉంటుంది.

ఒక మాట గుర్తుంచుకోండి, టిక్ పెట్టకపోయినా ఒకసారి పాస్‌వర్డ్ కొట్టాక సైన్ అవుట్ అయ్యేదాకా విండోస్ మళ్లీ అడగదు. వేబ్రిడ్జి అబ్బాయి టీ తాగడానికి పోతే ఫోల్డర్ తెరిచే ఉన్నట్టు. కుర్చీలోంచి లేచేటప్పుడు విండోస్ బటన్, ఎల్ కలిపి నొక్కే అలవాటు చేయించండి. షిఫ్ట్ మారేటప్పుడు సైన్ అవుట్ చేయించండి. ప్రతిసారీ అడిగి తీరాలనుకుంటే డెస్క్‌టాప్ మీద చిన్న బ్యాచ్ ఫైలు పెట్టొచ్చు: నెట్ యూజ్, డ్రైవ్ అక్షరం, ఫోల్డర్ దారి, స్లాష్ యూజర్ దగ్గర పేరు, చివర నక్షత్రం గుర్తు. ఆ నక్షత్రం ఉంటే పాస్‌వర్డ్ అప్పటికప్పుడు అడుగుతుంది. పక్కనే డ్రైవ్ తెంపే ఇంకో బ్యాచ్ ఫైలు.

పాస్‌వర్డ్ చీటీ మానిటర్‌కు అతికించొద్దని వేరే చెప్పాలా అనుకున్నా, కానీ మిల్లుల్లో ప్రతిచోటా చూస్తున్నా కాబట్టి చెబుతున్నా.

ముందు వేబ్రిడ్జి కంప్యూటర్‌తో మొదలుపెట్టండి. క్రెడెన్షియల్ మేనేజర్‌లో పేరుతో, నంబర్‌తో ఉన్న ఎంట్రీలు రెండూ తీసేసి, రీస్టార్ట్ చేసి, ఫోల్డర్ తెరవండి. అప్పుడు కూడా అడగకపోతే పెద్ద కంప్యూటర్ సెషన్స్‌లో యూజర్ పేరు ఏమొచ్చింది, గెస్ట్ కాలమ్‌లో ఎస్ ఉందా నో ఉందా, సేటు ల్యాప్‌టాప్‌లో వచ్చిన సందేశం పూర్తిగా ఏమిటి, ఈ మూడూ రాయండి. వాటిని బట్టి మిగతాది చెబుతా.